ఎనిమిది తెల్ల మీటలు

మా ఇంట్లో నన్ను ఎవరూ తిట్టక ముప్పై ఏడు రోజులైంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఇంత ప్రశాంతత నేనెరుగను. ఇలాంటి ప్రశాంతత పగవాళ్లకు కూడా వద్దు.

తిట్టేది మా ఆడపడుచు. మా ఆయనకు చెల్లెలు. చిన్నప్పుడు నిద్రలో కూడా మాట్లాడేదట, అందుకని అందరూ రేడియో అని పిలిచేవారు. ఇరవై ఏడో ఏట నరాల జబ్బు పట్టుకుంది. ముందు కాళ్లు, తరువాత చేతులు, ఆపైన నాలుక. ఏ తొందరా లేనట్టు, ఏళ్ల తరబడి, ఒక్కొక్కటే తీసుకుపోయింది ఆ జబ్బు. ఇప్పుడు తనకు మిగిలినవి కళ్లు, కనుబొమలు, గడ్డం కింద ఒక చిన్న కండరం. పేరు మాత్రం రేడియోగానే ఉండిపోయింది. మార్చి చూశాం, ఎవరికీ నోరు తిరగలేదు.

ఆ ఒక్క కండరం చాలు తనకు. గడ్డం కింద ఒక బటన్ ఉంటుంది. దాని తీగ మంచం పక్కన బల్ల మీదున్న లాప్‌టాప్‌కు వెళుతుంది. పద్దెనిమిదేళ్ల కిందట మా ఇంటికి వచ్చినప్పుడే అది ముసలిది. ఏదో ఆఫీసువాళ్లు తుక్కులో పడేస్తే మా ఆయన మోసుకొచ్చారు. ఇటుకంత మందం. మూత కీలు విరిగిపోతే పుస్తకాల దొంతరకు ఆనించి నిలబెట్టాం. బ్యాటరీ ఉండాల్సిన చోట గొయ్యి. కీబోర్డులో మూడు అక్షరాలు రాలిపోయాయి. దాని వెనకాల చెప్పులపెట్టెంత ఇనుప పెట్టె, ఆ పెట్టెలో మాట్లాడే కార్డు. బటన్ నొక్కు కూడా ఆ కార్డు గుండానే లాప్‌టాప్‌కు చేరాలి. ఆ కార్డు ఒక బస్‌స్టేషన్‌లో బస్సుల వేళలు చెప్పే యంత్రం నుంచి ఊడదీసింది. అందుచేత మా ఆడపడుచుది మగగొంతు. "వదినా... టీ... చల్లారిపోయింది" అంటే, ఏదో బస్సు బయలుదేరబోతోందని నేను లేచి నిలబడేదాన్ని.

ఇది ఎవరో కనిపెట్టి ఇచ్చింది కాదు. జబ్బు రాకముందు రేడియో కాలిక్యులేటర్లు, గడియారాలు బాగుచేసే షాపులో పనిచేసేది. నాలుక కూడా పోతుందని డాక్టర్లు చెప్పేసరికి చేతులు సగం ఆడుతున్నాయి. ఆ సగం చేతులతోనే తన గొంతు తాను తయారుచేసుకుంది. ప్రోగ్రాం రాసింది తను, సోల్డరింగ్ చేసింది వాళ్లన్నయ్య, టీలు పోసింది నేను. తరువాత ఏళ్లలో నాలుగు వేల వాక్యాలు అందులో దాచుకుంది. ఒక్కో దానికి కొన్ని నొక్కులు. అందులో పావు వంతు నా మీదే.

ముప్పై ఏడు రోజుల కిందట, ఒక మంగళవారం ఉదయం, ఇనుప పెట్టెలోని ఫ్యాను బర్రుమనడం మొదలుపెట్టింది.

"వదినా... పెట్టెలో... దుమ్ము చేరింది. అన్నయ్య వచ్చాక... తీయమను."

అన్నయ్య వచ్చేదాకా ఎందుకు అనుకున్నాను. నాకు ఫిజిక్స్‌లో డిగ్రీ ఉంది. దానితో ఇంతవరకు ఫ్యూజు మార్చడం తప్ప ఏమీ చేయలేదన్న కసి కూడా ఉంది. కరెంటు ఆపి, నాలుగు స్క్రూలు తీసి, పాత టూత్‌బ్రష్, స్పిరిట్ పట్టుకుని కూర్చున్నాను. కార్డును తోమి తోమి కొత్త పెళ్లికూతురిలా చేశాను. దాని మూలన బియ్యపుగింజంత తెల్ల మీటలు ఎనిమిది, వరుసగా. కొన్ని పైకి, కొన్ని కిందికి. ఎత్తుపళ్ల నోరులా ఉంది. వంకరగా ఉన్నది ఏదైనా నేను భరించలేను. గోడ మీద ఫోటో అయినా, అలమరలో డబ్బా అయినా. పిన్నీసు మొనతో ఆ ఎనిమిదింటినీ పైకి, ఒకే వరుసలోకి తెచ్చాను. చూడముచ్చటగా ఉంది. పెట్టె బిగించి కరెంటు వేశాను.

తెర వెలిగింది. అక్షరాలు వచ్చాయి. ఫ్యాను గుసగుసలాడింది. రేడియో బటన్ నొక్కింది. మాట రాలేదు, తెర మీద కొత్త అక్షరమూ పడలేదు.

మళ్లీ నొక్కింది. రాలేదు.

సాయంత్రం ఆయన వచ్చి అడిగారు. "పెట్టె గానీ తెరిచావా?"

"పైపైన తుడిచానంతే," అన్నాను. స్పిరిట్ లోపలికి దిగిందేమో, ఆరితే తెల్లారేసరికి అదే మాట్లాడుతుందిలే అనుకున్నాను. ఒక్కరోజు అబద్ధమే కదా అని ఆడాను. అది ముప్పై ఏడు రోజులు పెరిగింది.

ఫోన్‌లో చేయొచ్చుగా అని అందరూ అన్నారు. చేశాం. ఫోన్ తన వేగంతో పరుగెత్తింది, రేడియో గడ్డం తన వేగంతో కదిలింది, రెండూ ఎక్కడా కలవలేదు. కంటిచూపుతో నడిచే కొత్త పరికరానికి దరఖాస్తు పెట్టాం, నాలుగు నెలలన్నారు. నాలుగు వేల వాక్యాలూ ఆ పాత డిస్కులోనే ఉన్నాయి, బయటికి దారి లేదు.

ఆయన ముందు స్పీకరు మార్చారు. తరువాత తీగలు. ఆ తరువాత కరెంటు డబ్బా. అప్పుడు గుర్తొచ్చింది, చెల్లెల్ని అడగొచ్చని. అవునంటే కనుబొమలు పైకెత్తుతుంది, కాదంటే చూపు గోడవైపు తిప్పుతుంది.

"తీగలా?" గోడ. "స్పీకరా?" గోడ. "కార్డా?" కనుబొమలు పైకి లేచాయి.

"కార్డు చచ్చిపోయిందన్నమాట," అన్నారు ఆయన, తల పట్టుకుని. చచ్చిపోయిందా అని అడగలేదు. మా ఆయనకు సగం జవాబు చాలు, మిగతా సగం ఆయనే అల్లుకుంటారు.

అలాంటి కార్డు ఎక్కడా దొరకలేదు. కాగితం ముక్క కూడా లేదు దానికి. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. అదే రకం లాప్‌టాప్‌లు మాత్రం మూడు తెచ్చారు, విడిభాగాలకు పనికొస్తాయని. ఒకదానికి తెర లేదు, ఒకదానికి అడుగు లేదు, మూడోదానికి ఏముందో మేం ఇంకా కనుక్కోలేదు. బల్ల మీద నాలుగు అస్థిపంజరాలు. ఆ విప్పడంలో ఒకరోజు ఆయన లోపలున్న బిళ్ల బ్యాటరీ పాతదని మార్చేశారు. మార్చగానే యంత్రం తన డిస్కునే మరిచిపోయింది. డిస్కు కొలతలు మూడు అంకెలు, ఎప్పుడో రేడియో చేత్తో ఎక్కించినవి, ఆ బ్యాటరీ బలం మీదే గుర్తుండేవట.

ఆ నిమిషంలోనే ఆయన మంచం దగ్గర మోకాళ్ల మీద కూలబడ్డారు. "చెల్లీ, పాడుచేశానే. నేనే పాడుచేశానే," అని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. డిస్కు అడుగున చెరిగిపోయిన కాగితం మీద భూతద్దం పెట్టి, ఆ మూడు అంకెలు మళ్లీ కనిపెట్టడానికి వారం పట్టింది. తప్పు చేసిన నిమిషంలోనే ఒప్పుకోవడం ఎలాగో నా కళ్లముందే చేసి చూపించిన మనిషితో కాపురం చేస్తున్నాను నేను. నేర్చుకోలేదు.

రెండో వారంలో తుక్కుషాపాయన ఇంటికొచ్చాడు. పాత యంత్రాల పేగులు లెక్కపెట్టడంలో ఆయనను మించినవాడు లేడని పేరు. కార్డును వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పాడు.

"ఇదేంటి సార్, మీటలన్నీ ఒక్కవైపే ఉన్నాయి? ఎవరన్నా కదిపారా?"

"ఎవరు కదుపుతారండీ? పద్దెనిమిదేళ్లుగా ఆ పెట్టె తెరవందే!"

"ఏమో మరి. అన్నీ ఒక్కవైపు పెట్టుకుని పనిచేసిన కార్డు నా సర్వీసులో చూళ్లేదు. ఈ మీటలతోనే కదా, ఎక్కడ వినాలో, ఎటు పలకాలో దానికి చెప్పేది. ఒక్కటి తప్పినా మూగదే."

"మా చెల్లెలు పెట్టిందండీ. దాని లెక్కలు దానివి."

తుక్కుషాపాయన నావైపు చూశాడు. ఎందుకు చూశాడో తెలియదు, ఊరికే చూసి ఉండొచ్చు.

"టీలో పంచదార ఎంత వెయ్యమంటారు?" అన్నాను నేను.

వంటింట్లోకి వెళ్లి స్టవ్ వెలిగించకుండా నిలబడ్డాను. అంతకుముందు వరకు నాది అజ్ఞానం. ఆ క్షణం నుంచి నాది నేరం.

చెప్పేయాల్సింది. ఆ రోజే, ఆ టీ కప్పులతో పాటే బల్ల మీద పెట్టేయాల్సింది. కానీ ఆయన అప్పటికి పన్నెండు రోజులుగా నిద్ర మాని వెతుకుతున్నారు. "నేనే కదిపాను" అనే రెండు మాటలకు అడ్డంగా రోజుకో ఇటుక చొప్పున గోడ లేచింది. ముందు నేనే సరిచేసేసి, తరువాత నవ్వుతూ చెబుదాం అనుకున్నాను.

మర్నాడు ఆయన అక్షరాల చార్టు తయారుచేశారు. అట్ట మీద పెద్ద పెద్ద అక్షరాలు. ఆయన ఒక్కొక్క అక్షరం మీద వేలు పెడితే రేడియో కావలసిన చోట కనుబొమలు ఎత్తాలి. మన భాషలో ఇన్ని అక్షరాలున్నాయని నాకు ఆ రోజే తెలిసింది. పావుగంటకు 'స' వచ్చింది. మరో పావుగంటకు 'వ'. రెండూ ఒత్తుగా కలపాలా అంటే కనుబొమలు ఎత్తింది. గుణింతంలో 'ఇ' దగ్గర మళ్లీ ఎత్తింది.

"స్వి... స్విమ్మింగా? స్విమ్మింగ్ గుర్తొచ్చిందా చెల్లీ?" అన్నారు ఆయన. పాపం, ఆయనకు తోచింది అది.

నాకు తెలిసిపోయింది. ఆ రోజు నేను మీటలు సర్దుతున్నప్పుడు తను మంచం మీదే ఉంది, తల బల్లవైపే తిరిగి ఉంది. నేను సరిచేసిన ఒక్కొక్క మీటనూ చూసింది. కరెంటు ఆపి ఉంది కాబట్టి నన్ను ఆపలేకపోయింది. ఇంకో రెండక్షరాలు పడితే స్విచ్చులు అని తేలిపోతుంది.

"ఇంక చాలండీ," అన్నాను. "మొహం చూడండి, ఎలా వాడిపోయిందో. అలిసిపోయింది."

ఆయన వెంటనే చార్టు మూసేశారు. రేడియో నావైపు చూసింది. నాలుగు వేల వాక్యాలలో దేనికీ అంత పదును లేదు. తరువాత కళ్లు మూసుకుంది. ఆ రోజు తరువాత చార్టు చూపిస్తే చాలు, కళ్లు మూసుకునేది.

అప్పటి నుంచి, ఆయన ఆఫీసుకు వెళ్లగానే బల్ల ముందు కూర్చోవడం మొదలుపెట్టాను. ఎనిమిది మీటలు, ఒక్కోటి పైకో కిందికో. మొత్తం రెండువందల యాభై ఆరు రకాలు. ఆ మాత్రం లెక్క డిగ్రీ చేసి ఇచ్చింది. మీటలు మార్చినప్పుడల్లా మొత్తం ఆపి, మళ్లీ మొదలుపెట్టి, ప్రోగ్రాం వచ్చేదాకా ఆగి, బటన్ నొక్కి చూడాలి. ఏడు నిమిషాలు. రేడియో పనుల మధ్య రోజుకు రెండు మూడుసార్లే వీలయ్యేది. మనసుకు తోచిన వరుసలో పెట్టి చూసేదాన్ని. చూసినవన్నీ నోటుబుక్కులో సున్నాలుగా, గీతలుగా రాసుకున్నాను.

ఒకరోజు ఆ పుస్తకం ఆయన కంటపడింది. "ఏంటోయ్ ఇది?"

"స్వెటర్ డిజైనండీ. సున్నా అంటే కింది కుట్టు, గీత అంటే పై కుట్టు."

"ఎవరికి?"

"మీకే."

ఆయన మొహంలో ఆ నెలంతటికీ మొదటిసారి చిన్న నవ్వు కనిపించింది. నేను మర్నాడే వెళ్లి ఊలు కొనుక్కురావాల్సి వచ్చింది. చలికాలానికి ఇంకా ఐదు నెలలుంది.

నాలుగో వారంలో ఒక శుక్రవారం డాక్టరమ్మ వచ్చింది. రేడియో ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. తరువాత మమ్మల్నిద్దరినీ మంచం దగ్గరే కూర్చోబెట్టి, రేడియో కూడా వినేలా మాట్లాడింది.

"ఊపిరి తీసే కండరాలు అలిసిపోతున్నాయి. గొంతులో ట్యూబు పెట్టి మెషిన్‌కు కలపాల్సి వస్తుంది. రెండు వారాలు ఆగొచ్చు, అంతకుమించి కష్టం. అయితే ఇది చిన్న విషయం కాదు. పెడితే ఎన్నేళ్లు ఉంటుందో చెప్పలేం. కొంతమంది కావాలంటారు, కొంతమంది వద్దంటారు. ఈమె ఏమంటారో నాకు తెలియాలి." రేడియో వైపు వంగింది. "ఏమంటారు? పెట్టమంటారా?"

రేడియో కళ్లు మూసుకుంది. కనుబొమలు లేవలేదు. చూపు గోడకు తిరగలేదు.

"ఊ, కాదు అన్న రెండు ముక్కల్లో చెప్పే విషయం కాదనుకుంటా ఆమెకు," అంది డాక్టరమ్మ. "వచ్చేది కాక ఆపై శుక్రవారం పదకొండింటికి వస్తాను. అప్పటికీ ఆమె ఏమీ చెప్పకపోతే, అన్నగారు సంతకం పెట్టాలి."

ఆ రోజు నుంచి నా మౌనానికి రెండో కారణం దొరికింది. ఇది ఎవరికీ చెప్పుకోలేదు. మాట రాకపోతే ఆయన సంతకం పెడతారు, ట్యూబు పెడతారు, రేడియో ఉంటుంది. మాట వస్తే? రెండేళ్ల కిందట టీవీలో ఎవరికో అలాంటి ట్యూబు పెట్టడం చూసి, "ఊపిరి కూడా... బస్‌స్టేషన్ నుంచి... తెచ్చుకోవాలా?" అంది తను. మేం నవ్వాం. ఇప్పుడు ఆ మాటే పదే పదే గుర్తొచ్చింది. పగలంతా ఆ మాట తెప్పించాలని మీటలు కదిపేదాన్ని. ప్రతిసారీ బటన్ నొక్కే ముందు రాకపోతే బాగుండు అని కూడా అనుకునేదాన్ని. ఇలాంటి మనిషి చేతుల్లో ఏ యంత్రం మాత్రం పలుకుతుంది?

గురువారం పొద్దున ఆయన ఆఫీసుకు బయలుదేరుతూ గుమ్మం దగ్గర ఆగిపోయారు. ఒక చెప్పు వేసుకున్నారు, రెండోది చేతిలో ఉంది.

"రేపు నేను సంతకం పెడతానోయ్. దాని బదులు." చెప్పు వంక చూస్తూ అన్నారు. "చిన్నప్పుడు దాని బదులు ఎవరన్నా జవాబు చెప్తే కొరికేది తెలుసా? ఇక్కడ, ఈ భుజం మీద పళ్ల గుర్తులుండేవి."

ఆయన వెళ్లాక నలభై రెండోసారి యంత్రం మొదలుపెట్టాను. డిస్కు తిరగలేదు. కొన్ని రోజులుగా ములుగుతూనే ఉంది, ఈసారి టక్, టక్ అని రెండుసార్లు కొట్టుకుని ఆగిపోయింది. నా ప్రయత్నాలే దాన్ని అరగదీశాయని అప్పుడు వెలిగింది. ఆ డిస్కులోనే ఉన్నాయి నాలుగు వేల వాక్యాలు. నేను దాన్ని బయటికి తీసి రెండు చేతుల మధ్య వెచ్చగా పట్టుకుని, కొంగులో చుట్టి, పిచ్చిదానిలా గదిలో తిరిగాను. గంట తరువాత పెడితే ఎలాగో తిరిగింది. నలభై రెండోది కూడా మూగే.

ఇంకా రెండువందల పధ్నాలుగు మిగిలాయి. డిస్కు ఇంకో నాలుగైదుసార్లకు మించి రాదు. రేపు పదకొండింటికి డాక్టరమ్మ వస్తుంది.

ఇక మిగిలిన దారి ఒక్కటే. అది మంచం మీద ఉంది, మొదటి రోజు నుంచీ అక్కడే ఉంది. స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాను.

"రేడియో, నీతో మాట్లాడాలి. కళ్లు తెరవక్కర్లేదు, విను చాలు. ఆ మీటలు కదిపింది నేనే."

కళ్లు మూసే ఉన్నాయి. కనుబొమలు మాత్రం మెల్లగా పైకి లేచాయి.

"నీకు తెలుసని నాకూ తెలుసు. చార్టు మూయించింది అందుకే. నువ్వు అలిసిపోయావని కాదు. నాకు భయమేసి."

కనుబొమలు మళ్లీ లేచాయి. అవును.

"ఇన్ని రోజులు నేను ఆ బల్ల దగ్గర ఏం చేస్తున్నానో కూడా..."

అవును.

"మరి నాతో ఒక్కసారి కూడా..." అన్నాను. అని ఆగిపోయాను. ఎలా అంటుంది? ఏ నోటితో అంటుంది? నేను అడిగితే కదా తను చెప్పేది. ముప్పై ఏడు రోజుల్లో ఆ గదిలో తనను అడిగినవన్నీ 'దిండు ఎత్తనా, ఫ్యాన్ తగ్గించనా' లాంటివే. ఆ మీటలు పెట్టిన మనిషిని, మీటల గురించి మేం ఎవరమూ అడగలేదు. ఒకరు తెలియక, ఒకరు తెలిసి.

"ఏడవమంటే తరువాత ఏడుస్తాను," అన్నాను, అప్పటికే ఏడుస్తూ. "మొదటి మీట పైకా?"

రేడియో కళ్లు తెరిచింది. నన్ను చాలాసేపు చూసింది. నేను మొహం తిప్పుకోలేదు, అదొక్కటి చేయగలిగాను. అప్పుడు చూపు గోడవైపు తిరిగింది. కాదు, కిందికి.

రెండోది, పైకి. మూడోది, పైకి. నాలుగోది, కిందికి. ఐదో దాని దగ్గర చూపు ఎటూ కదల్లేదు, నా మొహం మీదే ఉండిపోయింది.

"గుర్తులేదా?"

కనుబొమలు లేచాయి. కంటికొస నుంచి ఒక చుక్క జారి చెవిలోకి దిగింది. తుడిచాను. "పోనీలే. పద్దెనిమిదేళ్లు. నాకు నిన్నటి కూర గుర్తుండదు. ఆరోది?"

ఆరోది కిందికి. ఏడోది కిందికి. ఎనిమిదోది మళ్లీ గుర్తులేదు.

తెలియనివి రెండే, అంటే నాలుగు రకాలు. నోటుబుక్కు తెచ్చి వెతికితే, ఆ నాలుగింటిలో ఒకటి నేను మొదట్లోనే చూసేసినది. మిగిలినవి మూడు. తన జ్ఞాపకం నిజమైతే.

మూడూ నేనొక్కదాన్నే చూసేయొచ్చు. డిస్కు మొరాయిస్తే మాత్రం ఆయన చేతులు కావాలి. అదీగాక, ఇంకో అబద్ధం మోసే ఓపిక అయిపోయింది.

సాయంత్రం ఆయన చెప్పులు విప్పకముందే చెప్పాను. నిలబడే విన్నారు. విని, హాల్లో నేల మీద కూర్చున్నారు, చేతిలో సంచి అలాగే ఉంది. నేను తిట్ల కోసం ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నువ్వు నాకు స్వెటర్ అల్లుతున్నావనుకున్నా," అన్నారు చివరికి.

లేచి చేతులు కడుక్కుని బల్ల దగ్గరికి వెళ్లారు. వెళ్లే దారిలో మంచం దగ్గర ఆగి, చెల్లెలి తల మీద చెయ్యి వేసి, "స్విమ్మింగ్ అన్నానే నేను," అన్నారు.

మొదటిది పెట్టాం. మూగ. రెండోది పెట్టాం. డిస్కు టక్, టక్‌మని కొట్టుకుంది. ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని మణికట్టు ఒక్కసారి తిప్పారు. తిరిగింది. అదీ మూగే. మూడోదానికి డిస్కు అసలు కదల్లేదు.

"ఇప్పుడు బలవంతం చేస్తే పూర్తిగా పోతుంది," అన్నారు ఆయన. "పొద్దున చూద్దాం."



శుక్రవారం ఉదయం పదింటికి డిస్కును వేడినీళ్ల సంచి మీద అరగంట పెట్టి, ఆరబెట్టిన బట్టలో చుట్టి తెచ్చారు. మూడో రకం మీటలు నేనే పెట్టాను, అదే పిన్నీసుతో. ఐదోది కిందికి, ఎనిమిదోది పైకి. పిన్నీసు జారకుండా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు. కరెంటు వేశాం. టక్. ఇంకో టక్. తరువాత సన్నగా, ఈలలాగా, డిస్కు తిరగడం మొదలైంది. తెర వెలిగింది. అక్షరాలు ఒక్కో వరుసే, ఎక్కడికో పెళ్లికి వెళుతున్నంత తీరిగ్గా వచ్చాయి.

రేడియో గడ్డం కదిలింది. ఒకసారి. ఆగి రెండుసార్లు. ఆగి మళ్లీ.

"వదినా... టీ... చల్లారిపోయింది."

ఆ గదిలో ఎక్కడా టీ లేదు. ఆయన నవ్వారు, నవ్వుతూనే గోడకు తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చారు. నేను వంటింట్లోకి పరుగెత్తి గిన్నెలో నీళ్లు పోసి, పొయ్యి మీద పెట్టి, దేనికి పెట్టానో మరిచిపోయి నిలబడ్డాను. రేడియో మాట్లాడుతోంది. ఇక ఏమైనా చెప్పగలదు. వద్దు అని కూడా చెప్పగలదు.

పదకొండింటికి డాక్టరమ్మ వచ్చింది. బస్‌స్టేషన్ గొంతు "కూర్చోండి" అనగానే ఉలిక్కిపడి కూర్చుంది.

దాచుకున్న నాలుగు వేల వాక్యాలలో ఈ రోజుకు పనికొచ్చేది ఒక్కటీ లేదు. ఒక్కో అక్షరం కొత్తగా ఏరాల్సిందే. ముప్పావుగంట పట్టింది. డాక్టరమ్మ గడియారం చూసుకోలేదు, అందుకు ఆమెకు దణ్ణం పెట్టాలి.

"ట్యూబు... పెట్టండి."

ఆయన "హమ్మయ్య" అని కుర్చీలో కూలబడ్డారు.

"ఇంకా... ఉంది. నేను తీసేయమన్న రోజు... తీసేయాలి. ఎందుకని... అడగొద్దు."

"అలాగే రాసుకుందాం," అంది డాక్టరమ్మ మెల్లగా. "మరి ఆ రోజుకు మీరు ఇలా చెప్పగలిగే స్థితిలో లేకపోతే? అప్పుడు మీ తరఫున చెప్పేవాళ్లు ఒకరు కావాలి. ఇప్పుడే రాసివ్వాలి."

"నేనున్నాగా చెల్లీ," అన్నారు ఆయన.

గడ్డం కింద బటన్ నొక్కుతూ ఉంది, ఆగుతూ ఉంది. మేం ముగ్గురం తెర మీద పడే అక్షరాలు చూస్తూ కూర్చున్నాం.

"అన్నయ్య... ఏడుస్తాడు. ఇంకొక్క రోజు... ఇంకొక్క రోజు అంటాడు. వదిన... చెప్తుంది."

"నేనా?" అన్నాను. "నా వల్ల కాదు రేడియో. నన్నెందుకు అడుగుతున్నావు? నీకు తెలియదా నేనేం చేశానో? నీ నోరు రెండుసార్లు మూశాను నేను. నన్ను నమ్మి..."

అక్షరాలు పడుతున్నాయి. పక్క ఇంట్లో ఎవరో బట్టలు దులుపుతున్న చప్పుడు వినిపిస్తోంది. అరగంటో, ముప్పావుగంటో.

"వదిన... ఆలస్యం చేస్తుంది. అబద్ధం చెప్తుంది. తరువాత... స్టూలు లాక్కుని... కూర్చుంటుంది. అన్నయ్య... నన్ను వదల్లేడు. నువ్వు... వదలగలవు. అందుకే."

తను నన్ను తిట్టిందో, మెచ్చుకుందో తెలియలేదు. ఎప్పుడూ తెలియదు తనతో. ఇన్నేళ్లుగా నేను తన నోట తిట్టు తప్ప వినలేదనుకున్నాను. ఈ మాట ముందు ఆ తిట్లన్నీ పాటల్లా ఉన్నాయి.

డాక్టరమ్మ కాగితం నావైపు తిప్పి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది. బంధుత్వం అన్న గడిలో 'వదిన' అని రాశాను. సంతకం పెట్టాను. ఏదో ఒకరోజు ఈ మంచం పక్కన నిలబడి, ఇంక చాలు అని ఒక మాట పలకడానికి ఒప్పుకున్నాను. ఆ మాట సమయానికి చెప్పాలి. నాకు అలవాటు లేని పని అది.

ఆయన నన్నే చూస్తున్నారు.

"రెండుసార్లేంటి?" అన్నారు. "మీటలు ఒకసారి. రెండోది ఏది?"

చార్టు సంగతి ఆయనకు చెప్పలేదు నేను. నిన్న సాయంత్రం నేల మీద కూర్చున్న మనిషికి అది కూడా చెప్పడానికి నోరు రాలేదు. రేడియో వంక చూశాను. తను చెప్పేస్తుందేమో అనుకున్నాను. గడ్డం కదల్లేదు. బటన్‌కూ గడ్డానికీ మధ్య సన్నటి ఖాళీ అలాగే ఉంది. నా మీదే చూపు పెట్టి, ఆగి ఉంది.

డాక్టరమ్మ సంచి సర్దుకుంటూ చెయ్యి ఆపింది.

స్టూలు ఆయనకు ఎదురుగా జరుపుకున్నాను. "ఆ రోజు మీరు చార్టు పట్టుకుని కూర్చున్నారు చూడండీ," అని మొదలుపెట్టాను.